ఇంట్లో అనని మాట

ఆ ఇంట్లో తెల్లవారితే ముందు టీ కాగేది, వెనకే ఒక ప్రశ్న వచ్చేది. గ్లాసులు అందిస్తూ అమ్మ "వచ్చిందా?" అని అడిగేది. నెట్‌లో మన కొట్టు పైకి వచ్చిందా అని దాని అర్థం. కొన్ని నెలలుగా ఇంటిల్లిపాదికీ అదే ధ్యాస.

నాన్న కళ్లజోడు సర్దుకుని, ఫోన్‌లో తన బూట్ల కొట్టు పేరు ఒక్కో అక్షరమే వెతికి వెతికి కొట్టేవాడు. అందరికంటే పైన ఆ పేరే కనపడేది. "మనం పైనే ఉన్నాం. జనానికే మనతో పని లేదు," అని ఫోన్ పక్కన పెట్టి చల్లారిన టీ తాగేవాడు. అది వింటే జింకకు ఒళ్లు మండేది.

జింక ఆ ఇంటి కూతురు. పుట్టుకతోనే ఆమె ఎడమ కాలు కుడికాలి కంటే పొట్టి. నడక మొదలుపెట్టిన రోజుల్లో నాన్న ముద్దుగా జింకపిల్ల అన్నాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఒక పక్కకు ఒరుగుతూ నడిచే పిల్లను జింక అనడం ముద్దో ఎగతాళో తెలియక చిన్నప్పుడు ఆమె చాలాసార్లు ఏడ్చింది. ఇంట్లో ఆ కాలి గురించి ఎవరూ మాట్లాడరు. తప్పనిసరై మాట్లాడవలసి వస్తే "ఆ కాలు" అంటారు, అదీ గొంతు తగ్గించి.

అంతవరకు మామూలు బూట్లు కుట్టుకునే నాన్న, ఆమె కోసమే ఒక కాలికి అడుగుభాగం ఎత్తుగా ఉండే బూటు చేయడం నేర్చుకున్నాడు. ఆ ఎత్తు బయటికి తెలియకుండా లోపలే దాచేస్తాడు. ఎముకల ఆసుపత్రిలో ఉండే పెద్ద డాక్టరు తన దగ్గరికి వచ్చిన అలాంటి పిల్లలందరినీ ఈ కొట్టుకే పంపేవాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాక పంపేవాళ్లు లేక కొట్టు బోసిపోయింది. చివరికి నాన్న ఒక పెద్ద బూట్ల షాపులో అమ్మకాల పనికి ఒప్పుకున్నాడు. వచ్చే సోమవారం చేరాలి, ఈలోగా కొట్టు ఖాళీ చేయాలి. జింక కూడా ఆ కొట్లోనే కూర్చుని బూట్ల పైభాగాలు కుడుతుంది. తనలాంటివాళ్ల కాలికి సరిపడే బూటు చేసే చేతులు ఇంకెవరివో చేసిన బూట్లు అట్టపెట్టెల్లోంచి తీసి అమ్మబోతున్నాయంటే ఆమెకు మనసొప్పలేదు. తాడోపేడో తేల్చుకోవాలనుకుని ముందు అన్నయ్య మీద పడింది.

వెబ్‌సైట్ చేసింది అన్నయ్యే. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి కాబట్టి ఇంట్లో ఆ విషయాల్లో ఆయన మాటకు తిరుగులేదు. పేజీ తెరిస్తే ముందు ఒక బూటు గిరగిరా తిరిగేది. అది తిరగడం అయ్యేసరికి చూసేవాడి ఓపిక అయిపోయేది. ఆ తర్వాత బంగారు రంగులో "పాదాలకు పట్టాభిషేకం" అని తేలుతూ వచ్చేది. అది బూట్ల కొట్టో నాటకాల కంపెనీయో చదివినవాడికి అంతుపట్టదు.

"అన్నయ్యా, కొట్టు పేరు తెలిసినవాడికి నెట్‌తో పనేముంది? నేరుగా వస్తాడు. పేరు తెలియనివాడికి కనపడాలి మనం."

"పేజీ ఎంత అందంగా ఉందో చూశావా? మా ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు."

"మెచ్చుకున్నవాళ్లలో ఒక్కడికైనా బూటు కావాలా?"

అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. జింక మాత్రం వదల్లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా చదివి, వీడియోలు చూసి తెలుసుకున్నదంతా ఏకరువు పెట్టింది. నెట్‌లో వెతికిపెట్టే యంత్రం చదివేది ముఖ్యంగా అక్షరాలనే. ఈయనేమో అక్షరాల వంపులు బాగుండాలని మాటలన్నీ బొమ్మల్లో పెట్టాడు. బొమ్మ కింద అది దేని బొమ్మో ఒక్క ముక్క రాయలేదు. వెతికినవాళ్లకు ముందుగా కనపడేది పేజీ శీర్షిక. అక్కడ "హోమ్" అని మాత్రమే ఉంది. ఎవరింటికి హోమ్ అని ఆమె నిలదీసింది. పేజీ త్వరగా తెరుచుకోకపోతే జనం వెనక్కి పోతారని, అన్నిటికంటే ముఖ్యం జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాట పేజీలో ఉండటమని చెప్పింది.

"మరి ఏ మాటతో వెతుకుతారంటావ్?" అన్నాడు అన్నయ్య, ఓడిపోయినట్టు కనపడకూడదని గొంతు పెంచి.

జింక అతని ఫోన్ తీసుకుని వెతికే పెట్టెలో "ఒక కాలు" అని కొట్టి ఆగింది. మిగతాది ఆ పెట్టే పూర్తిచేసింది. ఒక కాలు పొట్టిగా ఉంటే ఏం చేయాలి. ఒక కాలు పొట్టి బూట్లు. ఒక కాలు పొట్టి పాప నడక. ఎక్కడెక్కడి వాళ్లో, ఎవరికి చెప్పుకోలేకో, ఆ పెట్టెకు చెప్పుకున్న మాటలు వరసగా దిగాయి. వాటిలో ఒక్కటి కూడా తమ పేజీలో లేదు. అన్నయ్య వాటిని చదివి, చెల్లెలి కాలి వైపు చూడబోయి, అలవాటు కొద్దీ చూపు తిప్పుకున్నాడు. పాస్‌వర్డ్ మాత్రం మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

ఆమె ఆ సాయంత్రమే పేజీ అంతా మార్చేసింది. తిరిగే బూటును, పట్టాభిషేకాన్ని పీకేసింది. శీర్షికలో "ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు కొలత తీసి చేసే బూట్లు" అని రాసింది. కొలత ఎలా తీస్తారో, ఎన్నిసార్లు రావాలో, పిల్లలు పెరిగితే ఏం చేయాలో విడివిడిగా, తేలిక మాటల్లో పెట్టింది. కొట్టు ఎక్కడుందో పటం జోడించింది. పైన తన రెండు కాళ్ల ఫోటో పెట్టి, దాని కింద "ఎడమ కాలు పొట్టి, లోపల ఎత్తు పెట్టిన బూటు" అని రాసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు అమ్మ "వచ్చిందా?" అని అడిగేలోపే ఆమె పేజీ తెరిచి చూసింది. బూటు గిరగిరా తిరుగుతోంది.

అన్నయ్య నీళ్లు నమిలాడు. రాత్రి నాన్న చూశాడట. అప్పటికప్పుడు తీసేయమన్నాడట. ఎందుకని అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడట. తను మాత్రం ఏం చేయగలడని అన్నయ్య గొణిగాడు. ఆమె బూట్లేసుకుని కొట్టుకు బయలుదేరింది. సంగతి అర్థమై అమ్మ స్టవ్ ఆపేసి వెనకాలే పరిగెత్తింది.

కొట్లో నాన్న చెక్క పాదాలను గోనెసంచిలో సర్దుతున్నాడు. బూట్లు కుట్టడానికి ఒక్కో మనిషి కొలతకు చెక్కుకున్నవి, జతలో రెండూ సమానంగా ఉండనివి. ఆమె వచ్చిందని తెలిసీ తల ఎత్తలేదు.

"పేజీ ఎందుకు తీయించావు నాన్నా?"

"నా కొట్టు. నా ఇష్టం."

"కొట్టే మూసేస్తున్నావు. ఇంకేం ఇష్టం?"

"మూసేస్తే మూసేస్తాను. నా కూతురి కాళ్లు బజార్లో పెట్టి బూట్లు అమ్ముకునే గతి నాకు పట్టలేదు." నాన్న చేతిలోని చెక్క పాదాన్ని సంచిలోకి విసిరాడు. "ఆ మాట నా ఇంటి గడపలోకి రానివ్వనని అనుకున్నాను. ఇన్నేళ్లూ రానివ్వలేదు. నువ్వే తెచ్చి నెత్తిన పెట్టుకుంటున్నావు."

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. జింకకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చింది. ఎన్నాళ్లుగానో గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకున్నది ఇప్పుడు మనిషికే చెప్పాలి.

"గడపలోకి రానివ్వలేదా? అది నాతోనే ఇంట్లో తిరిగింది కదా నాన్నా. బడిలో కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టిన మొదటి రోజు అందరూ ఆటలు వెతికారు. నేను ఏం వెతికానో తెలుసా? 'ఒక కాలు పొట్టి అయితే పెళ్లిళ్లలో డాన్సు చేయొచ్చా' అని. ఏమీ రాలేదు. ఇంటికొచ్చి నిన్ను అడగాలనుకున్నాను. నువ్వు నా బూటే కుడుతున్నావు. అడిగితే నీ మొహం ఎలా అయిపోతుందో తెలుసు. అడగలేదు."

నాన్న ఇంకో చెక్క పాదం చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు చేసిన బూటు లేకపోతే నేను ఇంత దూరం నడిచేదాన్ని కాదు. కాదనను. కానీ ఆ కాలు, ఆ కాలు అని అది ఎవరిదో అన్నట్టు మాట్లాడేవారు. మీరు నోటితో అనలేనంత ఘోరం నాకేం పట్టిందో అని భయపడుతూ పెరిగాను. ఇప్పుడు ఎవరి పిల్లో అదే వెతుకుతోంది. దానికీ ఏమీ దొరక్కూడదా?"

అమ్మ వచ్చి కూతురి భుజం పట్టుకుంది. చిన్నప్పుడు వీధిలో ఎవరో జింకను కుంటిది అన్నారని నాన్న వాళ్లింటి మీదికి గొడవకు వెళ్లాడని, తిరిగొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడని, ఆ రోజే ఇద్దరూ ఆ మాట ఇక ఇంట్లో ఎత్తకూడదనుకున్నారని తడబడుతూ చెప్పింది. "అనకపోతే నీకు గుర్తుండదనుకున్నామే. పిచ్చివాళ్లం," అంది.

నాన్న చేతిలోదాన్ని సంచిలో వేయలేదు, బల్ల మీదా పెట్టలేదు. దాన్నే చూస్తూ "డాన్సు చేయొచ్చు," అన్నాడు. "అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నీ బూటుకు ఎగిరినా అరగని అడుగుభాగం వేసేవాణ్ణి." ఆ మాట అంటూనే ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. కూతురు దగ్గరికెళ్లి కూర్చుంది. ఆయన ఏడుపు ఆగేదాకా అమ్మ కొట్టు తలుపు దగ్గరికి వేసి అక్కడే నిలబడింది.

పేజీ మళ్లీ మారింది. ఈసారి నాన్న పక్కన కూర్చుని, జింకకు తెలియని సంగతులు కూడా చెప్పి రాయించాడు. అన్నయ్య సిగ్గుపడి, సెలవు పెట్టి, ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఎముకల డాక్టరును కలిసి, వాళ్ల వెబ్‌సైట్లో తమ పేజీకి దారి చూపే లింకు పెట్టించాడు. పేరున్నవాళ్లు మన వైపు దారి చూపిస్తే వెతికే యంత్రానికి మన మీద నమ్మకం పెరుగుతుందని చెల్లెలు చెప్పిందే మళ్లీ చెల్లెలికే పాఠంలా చెప్పాడు. ఆమె విసుక్కుంటూనే విన్నది.

అయినా ఏమీ జరగలేదు. పేజీని యంత్రం చూసి, చదివి, లెక్కలోకి తీసుకోవడానికి టైం పడుతుందని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు కదా. అమ్మ అడగడం మానలేదు, ఆమె విసుక్కోవడం మానలేదు. కొట్టు సగం ఖాళీ అయింది. చూస్తుండగానే శనివారం వచ్చింది.

ఆ మధ్యాహ్నం మిగిలిన సామాను కడుతుంటే కొట్టు ఫోన్ మోగింది. పాత కుర్చీ ఎవరైనా కొంటారేమోనని నాన్న ఫోన్ ఎత్తి స్పీకరు పెట్టాడు. ఒక ఆడగొంతు, నెట్‌లో చూసి చేస్తున్నానంది. పాపకు బూట్లు కావాలంది. మామూలు బూట్లు కాదంది. పాపకు కొంచెం, అంటే పుట్టినప్పటి నుంచి, అంటే నడిచేటప్పుడు అని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆగిపోయింది.

జింక చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఆ తడబాటు ఆమెకు తెలుసు. అది తన అమ్మ గొంతు, తన నాన్న గొంతు. నాన్న ఇప్పుడు "ఆ కాలు" అంటాడని ఎదురుచూసింది.

"ఇబ్బంది పడకండమ్మా," అన్నాడు నాన్న. "కాలు పొట్టి, అంతే కదా. కుడిదా, ఎడమదా?"

అవతలి నుంచి చిన్నగా, "కుడిది," అని వినిపించింది.

"మా అమ్మాయికి ఎడమది పొట్టి. సోమవారం తీసుకురండి, కొలత తీస్తాను."

"సోమవారం మీరు అక్కడ చేరాలి కదండీ," అంది అమ్మ, పక్క నుంచి మెల్లగా. నాన్న తల కూడా తిప్పలేదు.

"కొట్లోనే ఉంటానమ్మా, ఎప్పుడైనా రండి. పాప ఏమైనా అడగాలనుకుంటే మా అమ్మాయి ఇక్కడే ఉంది. నన్ను అడగలేనివి దాన్ని అడగమనండి." ఆయన ఫోన్ కూతురి వైపు చాపాడు.

జింక ఫోన్ అందుకుంది. ఆమె కళ్లు తుడుచుకునేదాకా అవతల ఆ తల్లి ఓపికగా ఆగింది.