బొటనవేలి కింది తీగ

బెల్‌గ్రేడ్‌లో బేస్ గిటార్ వాయించేవాళ్లెవరైనా సరే, ఏదో ఒక ఆదివారం పూట తీగలు ఉడకబెట్టే ఉంటారు. తీగల మెలికల్లో చెమట, జిడ్డు, చర్మం పొట్టు చేరి మోత మొద్దుబారిపోతుంది. కాస్త వెనిగర్ పోసిన నీళ్లలో మరిగిస్తే మళ్లీ కొత్తవాటిలా పలుకుతాయి. కొత్తవి వేసుకోవచ్చుగా అంటారేమో. మావాళ్లు ఆ పని మాత్రం చేయరు. అదో మొండితనం, నాకైతే మరీ ఎక్కువ.

ఆ గిటార్ స్రేతెన్ బాబాయ్‌ది. నాకు వాయించడం నేర్పింది ఆయనే. "మోగించడం గాడిదైనా నేర్చుకుంటుంది స్తోయాంకా. ఆపడం నేర్చుకో" అనేవాడు. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ లావు తీగ మీద ఆనించి ఉంచమనేవాడు. ఈ మాట అందరు గురువులూ చెప్తారు. ఒక తీగ మీటితే పక్క తీగ దానంతటదే పలుకుతుంది, వేలితో తొక్కిపట్టకపోతే పాటంతా బురద. కానీ బాబాయ్ తొక్కిపట్టే తీరు వేరు. గోరు తెల్లబడిపోయేది. అది చాలనట్టు తీగల చివర, అడుగున, అంట్లు తోమే స్పంజి ముక్క ఒకటి ఇరికించేవాడు. ముసలితనంలో గిటార్‌ను మంచం మీద పక్కనే పడుకోబెట్టుకుని, నిద్రలో కూడా లావు తీగ మీంచి వేలు తీసేవాడు కాదట. "అది నాకు సవతే" అని వాళ్లావిడ మిలేసా పిన్ని నవ్వేది.

ఆయన పోయాక గిటార్‌ను నా చేతిలో పెట్టింది పిన్నే. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"తీగలు మార్చకు. కడగకు. స్పంజి తీయకు. ఇవి ఆయన మరీ మరీ చెప్పమన్న మాటలు."

సరేనన్నాను. పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాను.

నన్ను కదిపింది మా తమ్ముడు ఓబ్రాద్. మా బృందంలో డ్రమ్ములు వాడివే. అమ్మ పోయేనాటికి వాడికింకా మీసాలు కూడా రాలేదు. అన్నం పెట్టి, తిట్టి, కొట్టి, డ్రమ్ములు కొనిచ్చి పెంచుకున్నాను. నాకున్నది వాడొక్కడే.

"అక్కా, నీ గిటార్ తడిసిన పరుపు మీద కర్రతో కొట్టినట్టుంది. ఎల్లుండి రికార్డింగ్‌లో ఇదే మోత వినిపిస్తే, పోయి వీధిలో బురెక్ రొట్టెలు అమ్ముకోమంటారు మనల్ని."

"నోర్ముయ్. నీ కాలికి తొందరెక్కువ, నా తీగలకు బద్ధకమెక్కువ. ఇద్దరికీ సరిపోయింది."

అన్నానే గానీ, వాడన్నది నిజం. మర్నాడు పొద్దున అమ్మ కాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సర్మా వండే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాను.

సన్న తీగలు మూడూ మామూలుగానే బురద రంగు దిగాయి. లావు తీగ వేశాక నీళ్లు ఎర్రబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి. తుప్పు అనుకున్నాను. కానీ వాసన తుప్పుది కాదు. చలికాలంలో తాతయ్య ఊళ్లో పందిని కోసి, వేణ్నీళ్లు పోసి బొచ్చు గీకేటప్పుడు పెరడంతా లేచే వాసన. తీగను పట్టకారుతో పైకి తీస్తే మెలికల మధ్య పొట్టి నెరిసిన వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఏదో గుడ్డ పీచు అనుకుని ఒక్కొక్కటే పీకి పారేశాను.

ఓబ్రాద్ ముక్కు మూసుకుని వంటింట్లోకి తొంగిచూశాడు. "ఎవర్ని వండుతున్నావక్కా?"

"నిన్నే. ఉప్పు తక్కువైంది."

తీగలు తుడిచి ఎక్కించాను. స్పంజి ముక్కను చెత్తబుట్టలో పడేశాను.

మేం సాధన చేసేది మా అపార్ట్‌మెంటు కింద, యుద్ధం వస్తే దాక్కోవడానికి కట్టిన నేలమాళిగలో. బెత్తెడు మందం ఇనుప తలుపు. కిటికీ అన్నది లేదు. పైన ఎండ కాస్తున్నా అక్కడ రాత్రే. ఒకే ఒక్క బల్బు, గోడలకు మోత పీల్చుకోవడానికి మేకులు కొట్టి వేలాడదీసిన దుప్పట్లు, వాటి చెమ్మ వాసన, నడవాలో పక్కింటివాళ్ల కాబేజీ ఊరగాయ పీపా నుంచి వచ్చే పులుపు. రోజూ పీల్చే గాలే. ఆ పూట మాత్రం దాని అడుగున ఇంకో వాసన ఉంది. వంటింటి వాసన నా బట్టలకు పట్టిందేమో అనుకున్నాను.

లావు తీగ మీటాను. ఎంత మోత! పాదాల్లోంచి పైకి పాకింది. గుండెలో గుడిగంట కొట్టినట్టయింది. ఓబ్రాద్ కర్రలు గాల్లోకెగరేసి పట్టుకున్నాడు.

"ఇదీ గిటారంటే! ఆ ముసలాయన ఇన్నాళ్లూ దీని గొంతు నొక్కేశాడే!"

మొదలుపెట్టాం. మా పాటకు ఆధార స్వరం ఆ లావు తీగే. బేస్ ఎక్కడెక్కడ తిరిగినా చివరికి దాని మీదే వచ్చి వాలాలి. వాలిన ప్రతిసారీ డ్రమ్మర్ కాలి దెబ్బ సరిగ్గా దాని మీదే పడాలి. ఆ రెండూ కలిస్తేనే పాటకు ఒళ్లు వస్తుంది. మేం అక్కాతమ్ముళ్లం, మాకది చెప్పక్కర్లేకుండానే కలుస్తుంది.

ఆ రోజు కలవలేదు. వాడి దెబ్బకు ఒక్క వెంట్రుకవాసి ముందు ఇంకో దెబ్బ పడుతోంది.

"తొందరపడకురా."

"నేను కాదు."

"మరెవరు, మన తాతా?"

వాడు వాయించడం ఆపేశాడు. నేనూ ఆపేశాను.

దెబ్బ ఆగలేదు.

వాడి పాదం నేల మీద ఉంది. డ్రమ్ముకున్న పెడల్ దానంతటది లేస్తోంది, దిగుతోంది... లేస్తోంది, దిగుతోంది. నా చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. లావు తీగ మోగుతూనే ఉంది. తగ్గడం లేదు. పెరుగుతోంది.

"అక్కా..." అని గొణిగాడు ఓబ్రాద్. "నా వెనక... ఎవరో..."

మాట తెగిపోయింది. వాడి మెడ చుట్టూ ఒక గీత పడింది. చర్మం లోపలికి నొక్కుకుపోయింది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకుండానే మెడ బిగుసుకుంటోంది. కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. వేళ్లతో మెడ రక్కుకున్నాడు, గోళ్లు విరిగాయి. గీతలోంచి రక్తం సన్నగా పొంగి బనీను మీదికి దిగింది. స్టూలు మీంచి ఒరిగిపోయాడు గానీ కింద పడలేదు. ఎవరో మెడ పట్టుకుని పైకి లాగుతున్నట్టు వేలాడాడు. కాళ్లు డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళాలను తన్నాయి.

నాకు ఒక్కటే తోచింది. అరచేత్తో తీగను కొట్టి ఆపాను.

ధబ్బున కిందపడ్డాడు. ఊపిరి గుర్రుమంటూ లోపలికెళ్లింది.

చెయ్యి తీశాను. మళ్లీ మోగింది... వాడి తల మళ్లీ వెనక్కి విరిగింది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆ గోరు ఎందుకు తెల్లబడేదో.

బొటనవేలు పెట్టి నొక్కిపట్టాను. తీగ ఊరుకోలేదు. వేలి కింద రంపంలా ఊగింది. చర్మం తెగింది. తర్వాత కండ తెగింది. తీగ ఎముకకు తగిలిన చప్పుడు నా పళ్లలో వినిపించింది. ఏడుస్తూ, బూతులు తిడుతూ, గిటార్ మెడలో వేసుకునే గోడవైపు పాకాను. తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ గిటార్ పెట్టెలో ఉంది. వెనక దెబ్బ పడుతూనే ఉంది. ఒక్కో దెబ్బకూ దగ్గరవుతోంది. మెడ మీద వేడి శ్వాస తగిలింది. పంది బొచ్చు గీకే వాసన.

"ఆపకమ్మా..." అంది చెవి పక్కనే ఒక మగ గొంతు. నలిగిపోయిన గొంతు. "ఇంకొక్కసారి... మోగించు..."

వెనక్కి చూడలేదు. ఎడమచేత్తో కటింగ్ ప్లేయర్ అందుకుని తీగను కొరికించాను. ఒకసారి... రెండుసార్లు... ఠప్పున తెగింది. చెంప మీద కొరడాలా కొట్టి ఎగిరిపోయింది.

పెడల్ ఆగింది.

ఓబ్రాద్ బతికే ఉన్నాడు. వాణ్ని ఈడ్చుకుంటూ ఇనుప తలుపు దాటాను. అంబులెన్సు వచ్చేలోపు తీగ ముక్కను కాల్చేద్దామని లోపలికెళ్లి వెతికాను. గిటార్ రెండు చివర్లా చుట్టుకున్న తునకలు తప్ప, మధ్య తీగ ఎక్కడా లేదు.

ఆసుపత్రిలో నా వేలికి కుట్లు వేశారు. వాడికి మత్తిచ్చి పడుకోబెట్టారు. డాక్టరు ఎక్స్‌రే పట్టుకొచ్చి నా మొహంలోకి చూసింది.

"మీ తమ్ముడి మెడకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా?"

"లేదే."

"మరి ఈ తీగ ఎవరు పెట్టారు? చర్మం కింద మెడ చుట్టూ పూర్తిగా ఉంది. లోపలికి దూరిన చోటే కనబడట్లేదు. రేపు పొద్దున తెరిచి తీద్దాం."

వరండాలోకొచ్చి మిలేసా పిన్నికి ఫోన్ చేశాను. ఉడకబెట్టానని, ఆ తీగ తమ్ముడి మెడలోకి దూరిందని చెప్పాను.

"వుకోమాన్ అని ఆయన దగ్గర డ్రమ్ములు వాయించేవాడు" అంది పిన్ని. "తాళం తప్పుతాడని రోజూ గొడవే. మెట్ల మీంచి పడి చచ్చాడని ఊరంతా అనుకున్నారు. ఆ తీగ... ఆ తీగతోనే ఆయన..." ఏడ్చింది. "స్పంజి ఉందా తల్లీ?"

"పారేశాను పిన్నీ."

"అయితే వేలు తీయకు. నిద్రొచ్చినా తీయకు. ఆయన చచ్చేదాకా తీయలేదు."

పరుగెత్తాను. గదిలోకి వచ్చేసరికి లిఫ్టు కింది అంతస్తు నుంచి ఎక్కుతోంది, దాని మోటారు గోడల్లో సన్నగా గుంయ్‌మంటోంది. దానికి బదులు పలుకుతున్నట్టు ఓబ్రాద్ మెడ మీది గీత కదులుతోంది. నల్లబడుతోంది. కట్టు విప్పేసి, కుట్లు వేసిన బొటనవేలు వాడి గొంతు మీద ఆనించి నొక్కాను.

వేలి కింద తీగ వణికింది. మెల్లగా సద్దుకుంది.

అప్పటినుంచి అలాగే కూర్చున్నాను. కుట్లు ఊడి రక్తం దిండు మీదికి కారుతోంది. గట్టిగా నొక్కితే వాడికి ఊపిరాడదు. వదులు చేస్తే తీగ లేస్తుంది. ఈ రెంటి మధ్య ఎంత బరువు పెట్టాలో నాకు నేర్పిన మనిషి చచ్చిపోయాడు.

నర్సు తలుపు తీసింది. పేషెంట్లను చూసే వేళ అయిపోయిందని, ఇక లేవమని చెప్పబోయి నా చేతిని చూసి ఆగిపోయింది. తర్వాత ఆమె చూపు మంచం కిందికి దిగింది.

"కాలితో ఆ తాళం ఆపమ్మా" అంది. "పక్క గదిలో పేషెంట్లు నిద్రపోవాలి."

నా పాదాలు రెండూ కుర్చీ మీద ముడుచుకుని ఉన్నాయి.