సీనియమ్మాళ్ రాయి

పొద్దుగూకితే సీనియమ్మాళ్ రాయి దగ్గర ఎవరూ బరువు దించరు. నెత్తిమీది పత్తిమూట మెడ విరుస్తున్నా సరే, కోవిల్‌పట్టి దారిలో ఆ రాయి వచ్చిందంటే కళ్లు మూసుకుని పరుగే!

అది సుమైతాంగి. రెండు నిలువురాళ్లు, వాటిమీద ఒక అడ్డరాయి. కడుపుతో పోయిన ఆడదాని పేరున నిలబెడతారు. దారినపోయేవాళ్లు దానిమీద మూట దించి ఊపిరి పీల్చుకుంటే, ఆమె కడుపులో బరువూ కాస్త దిగుతుందట. పగలు బాగానే ఉంటుంది. రాత్రయితేనే...

పత్తిబండి తోలే తంగసామి చెవులారా విన్నాడు. మొదట ఆడమనిషి ఏడుపు... తర్వాత మగగొంతు హుంకరింపు... ఆపైన ఇకిఇకిమని నవ్వు! మూడురోజులు జ్వరంతో మూలిగాడు.

"ఒక్క దెయ్యం కాదప్పా, సంసారమే ఉండాది ఆడ!" అన్నాడు.

ఈ మాటలకు పుష్పానికి కడుపు మండేది. మండదా మరి? ఆ సీనియమ్మాళ్ ఆమె కన్నతల్లి! పిల్లకు ఐదేళ్లప్పుడు పోయింది. ఇప్పుడు పుష్పానికి పదహారు. ఇన్నేళ్లూ అవ్వ జానకియమ్మాళ్, అంటే నాయన తల్లి, ఆ పిల్లను గడప దాటనిస్తే ఒట్టు. ఊయలెక్కితే పడతావు, బావిలో దిగితే మునుగుతావు. "తల్లిలేని పిల్లవే!" అంటూ ప్రతి సరదానూ మొగ్గలోనే తుంచేది. విత్తనాల కుండలో దాచిన గింజలాగా పెరిగింది పాపం.

పందొమ్మిదివందల ముప్పైయొకటో సంవత్సరం. కోవిల్‌పట్టిలో నాటకాలు. ఆ రాత్రే ఆఖరు, మర్నాడు కంపెనీ విరుదునగర్ పోతుంది.

"ఒక్క నాటకం, అవ్వా..."

"ఆ దారిలో మీ అమ్మ ఉండాది. కన్నబిడ్డవని పట్టుకుంటాది. పండుకో!"

నాయన చేనికాపలాకు పోయాడు. అవ్వ మంచమెక్కి తలనిండా దుప్పటి కప్పింది. అవ్వ నిద్రపోవాలని కాచుకున్న పుష్పానికే నిద్ర పట్టేసింది! లేచేసరికి నడిరేయి దాటింది. అయితేనేం, తెల్లారేదాకా ఆడతారు కదా, సగమైనా చాలు. దుప్పటి ముసుగుకేసి ఒకసారి చూసి, చల్లగా జారుకుంది.

వెన్నెల లేదు. అడుగేస్తే నల్లరేగడి పెళ్లలు పటపటమంటున్నాయి. అదిగో రాయి... దానికి ఆనుకుని తెల్లగా ఏదో.

"నాథా... నన్ను అడవిపాలు చేసి పోతివా..."

పుష్పం ఉన్నచోటే ఆగింది.

"ఎవరక్కడ!" మగగొంతు. వెంటనే... ఇకిఇకి నవ్వు.

పారిపోవాల్సింది. కాళ్లేమో అటే నడిచాయి. దెయ్యమైతేనేం? అమ్మే కదా! పదకొండేళ్లుగా ఆ పిలుపు నోట్లోనే ఉండిపోయింది.

"అమ్మా..."

తెల్లటిది ఎగిరి పడింది.

"అయ్యో పెరుమాళ్లా, దెయ్యం!" అని కెవ్వుమంది.

ఆ గొంతు...

"అవ్వా?!"

అవ్వే! తెల్లచీర, ఒళ్లో వేయించిన సెనక్కాయలు.

"మరి మంచంమీద?"

"దిండు, పత్తిమూట" అంది అవ్వ తలొంచుకుని. రాయిని తడుముతూ చెప్పింది: "ఎనిమిదో నెలలో మీ అమ్మ అడిగినాది, ఒక్క నాటకం చూసొస్తా అత్తా అని. కానుపు కానీలే, అప్పుడు పోదువు అంటిని. కానుపే కాలేదే తల్లీ..." అవ్వ ఒక సెనక్కాయ వలిచి రాయిమీద పెట్టింది. "ముండమోసిన ముసల్ది నాటకానికి పోతే ఊరు ఊరుకుంటాదా? దొంగగా పోతా. చూసొచ్చి, అరవ నాటకాన్ని మన తెలుగుమాటలో మీ అమ్మకు చెప్తా. రాజు నేనే, రాణి నేనే, బఫూనూ నేనే!"

పుష్పానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నిటికన్నా కోపం వచ్చింది.

"పోయిన అమ్మకు నాటకం. బతికుండే నాకు దుప్పటా?"

"భయమే పిల్లా. నిన్నూ పోగొట్టుకుంటానని."

పుష్పం ముక్కు తుడుచుకుంది. "సరే... రాణి చివరికి ఏమాయె?"

"ఎవరికి తెలుసు! కోడి కూసేలోగా మంచమెక్కాల కదా? ఇన్నేళ్లలో ఒక్క నాటకమూ కడదాకా చూళ్లా. మీ అమ్మకు మాత్రం... రాణి బతికిందనే చెప్తా."

పుష్పం అవ్వ చెయ్యి పట్టుకుని లాగింది. "నడువు, చూసొద్దాం."

"తెల్లారిపోతాదే! ఊరంతా చూస్తాది!"

"చూడనీ!"

నాటకంలో రాణి చచ్చిపోయింది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. వెనకాలే బఫూన్ వచ్చి బోర్లాపడ్డాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఎండ మొహాన కొడుతుండగా తిరిగొస్తుంటే, రాయి దగ్గర తంగసామి పత్తిబండి ఎదురైంది. పక్కన పెండ్లాం.

"రాత్రంతా యాడికి పోతిరి?" అన్నాడు నోరు తెరిచి.

పుష్పం అవ్వ మొహం చూసింది. అవ్వ కొంగు సర్దుకుంది. ఆపైన నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏం చెప్పేది నాయనా! సీనియమ్మాళ్ పట్టుకునె. మమ్మల్ని కోవిల్‌పట్టికి లాక్కుపోయి, తెల్లవార్లూ నాటకం చూపించి వదిలె. మళ్లీ విరుదునగర్‌కూ లాక్కుపోతాదంట!"

తంగసామి గజగజలాడుతూ కళ్లు మూసుకుని రాయికి దండం పెట్టాడు. అదే అదునుగా పెండ్లాం బండి దిగి, అవ్వ చెవిలో గుసగుసలాడింది:

"పెద్దమ్మా... నన్నూ పట్టుకోమని చెప్పవా?"