మనిషికో నీడ

బయట మిట్టమధ్యాహ్నం.

ఎడిటింగ్ మెషీన్ చిన్న తెర మీద మాత్రం నడిరాత్రి. పగలు తీసి రాత్రి అని నమ్మించడం చవక సినిమాల విద్య.

తలుపు దబదబా బాదుతున్నారు.

"చెల్లెమ్మా, తలుపు తియ్యి. ఆ రీలు నాకిచ్చెయ్."

నిర్మాత గొంతు. ఆమెకి వరసకి అన్న.

ఎడిటరమ్మ గడియ పెట్టి, బల్ల అడ్డం జరిపి, రీలు తిప్పుతోంది. మూడు రోజులుగా స్టేషన్ చుట్టూ తిరిగి కాళ్లు పీకుతున్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

షూటింగులో విలన్ పేల్చింది డమ్మీ తూటా. హీరో మాత్రం నిజంగానే చచ్చాడు. అదే క్షణంలో ఎవరో అసలు తూటా పేల్చారు.

ముందురోజు హీరో చేత అందరి ముందూ చెంపదెబ్బ తిన్నది కెమెరామన్. అంటే ఆమె మొగుడు. పోలీసులకి అది చాలు... లోపలేశారు.

కానీ తలుపులు మూసిన చీకటి సెట్లో ఒక్కటే లైటు. ఒక్క లైటుకి మనిషికో నీడ. పేల్చినవాడు దాని ముందుకొస్తే గోడ మీద దొరికిపోతాడు.

పొద్దున ల్యాబ్ నుంచి రీలు వచ్చింది మొదలు నిర్మాత దానికోసం వెంటపడుతున్నాడు. ఎందుకు? ఇంకెందుకు!

అందుకే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. "హంతకుడు నిర్మాతే సార్. నా గది బయటే ఉన్నాడు. రండి."

రీలు కదులుతోంది.

గోడ మీద హీరో నీడ. విలన్ నీడ.

పక్కనుంచి... మూడోది.

చేతిలో తుపాకీ.

ఆపింది. వంగి చూసింది.

ఆ నీడకి కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తి ఉంది.

కెమెరాలో కన్ను పెట్టేముందు కళ్లజోడు అలా ఎత్తేది యూనిట్లో ఒక్కడే. ఇరవై ఏళ్లుగా ఫ్రేములో తన నీడ పడనివ్వని మనిషి. స్టాండు మీద కెమెరాని దాని మానాన తిరగనిచ్చి పక్కకొచ్చాడు. ఆ ఒక్క క్షణం కోపంలో లైటు సంగతే మర్చిపోయాడు.

నిన్న లాకప్‌లో "ఆ రీలు జోలికి పోకు" అన్నాడు. తనకేమవుతుందోనని భయపడ్డాడనుకుంది. పిచ్చిది.

"ల్యాబులోనే చూశానమ్మా," బయట నిర్మాత గొంతు తగ్గింది. "బావ కోసమే వచ్చాను. కత్తెర నీ దగ్గరే ఉందిగా. ఆ ముక్క తీసెయ్. నేనేమీ చూళ్లేదు."

మెట్ల మీద బూట్ల చప్పుడు.

ఆమె కత్తెర అందుకుంది.

కచ్!

జానెడు ఫిల్మ్ గుప్పిట్లోకి వచ్చింది.

బల్ల జరిపి తలుపు తీసింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే నిర్మాత చొక్కా పట్టుకున్నాడు.

"వీడేనా?"

నిర్మాత ఆమె వైపు చూశాడు. కాదనలేదు.

ఒక్క మాట చాలు. ఔనంటే మొగుడు సాయంత్రానికి ఇంటికొస్తాడు. అన్నం తింటాడు. పక్కనే పడుకుంటాడు.

"చెప్పండమ్మా. వీడేనా?"



గుప్పిట విప్పింది.

"అన్నయ్యని వదలండి సార్," అంది. "ఈ నీడ మా ఆయనది."