మావిస్ వాళ్ళ గోడ మీద గాజుపలక

"ఏమండీ, గోడని అలా గోకకండి! కూలితే మా నానమ్మ ఎక్కడుంటుంది, మీ టోపీలోనా?"

మా మేనల్లుడు క్లిఫ్‌తో మావిస్ అన్న మొదటి మాట ఇదే. మావాడు తాపీ పనిలో దిట్ట. ఆడపిల్ల ఎదురైతే మాత్రం నీళ్ళెక్కువైన సున్నం.

మా టిప్టన్ ఊరి అడుగున బొగ్గంతా తవ్వేశారు. నేల కుంగి, మావిస్ వాళ్ళ ఇంటి వెనక గోడ కిటికీ నుంచి కిందికి మెట్లుమెట్లుగా బీటలు వారింది. క్లిఫ్ ఆ బీటకి అడ్డంగా సన్నటి గాజుపలక అతికించాడు.

"నేల ఇంకా కదిలితే ఇది పగులుతుంది. మూడు నెలలు నిలిస్తే గోడ బాగుచేస్తాను."

"పగిలితే?"

"ఇల్లు ఖాళీ చెయ్యాలండీ."

ఇక ప్రతి శనివారం వెళ్ళేవాడు. గాజు చూడ్డానికి రెండు నిమిషాలు, మావిస్ ఇచ్చిన టీకి గంటన్నర.

"ఏరా, టీ తాగుతున్నావా, అందులో ఈదుతున్నావా?"

"ఊరుకో మామా. గడువు అయిపోవస్తోంది. గోడ కట్టేశాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

నా బుర్రలో పురుగు తొలిచింది. ఆఖరి శనివారం పొద్దున్నే వాళ్ళ పెరట్లోకి దూరి, గాజు మీద సుత్తితో చిన్న దెబ్బ వేశాను. కొత్త గాజు అతికిస్తాడు, ఇంకో మూడు నెలల టీ! ఇల్లు ఖాళీ చెయ్యాలన్న మాట నాకు తట్టనే లేదు.

ఏమీ ఎరగనట్టు క్లిఫ్ వెంట మళ్ళీ వెళ్తే, మావిస్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "నానమ్మ మూట కట్టుకుంటోంది. ఆవిడ పుట్టిందే ఈ ఇంట్లో."

నేను క్లిఫ్ వెనక్కి జరిగాను.

క్లిఫ్ వంగి చూశాడు. "ఏడవకండి. నేల లాగితే గాజు ముక్కల మధ్య ఎడం వస్తుంది. ఇక్కడ వెంట్రుక కూడా దూరదు. ఇది సుత్తి దెబ్బ." నా వైపు తిరిగాడు. "మామా?"

"ఏదో... సరదాకిరా."

క్లిఫ్ నోరు మూసుకుంటే ఇంకో మూడు నెలల టీ వాడిదే. మూసుకోలేదు. సోమవారమే పని మొదలెట్టాడు. పగిలిన ఇటుకల్ని ఒక్కొక్కటే ఊడదీసి, అదే రంగు పాతవి వెతికి తెచ్చి, పళ్ళు కలిసినట్టు పేర్చాడు. సిమెంటు వద్దన్నాడు, అది బిగుసుకుని పక్క ఇటుకని పగలగొడుతుందట, సున్నమైతే సర్దుకుంటుందట. ముప్పై ఏళ్ళ తాపీ నాది. అతుకెక్కడుందో నాకే దొరకలేదు.

సామాను సర్దుతూ క్లిఫ్ తల వంచుకున్నాడు. "ఇక నాకిక్కడ పనేం లేదండీ."

"పనుంటేనే వస్తారా?"

"లేకపోతే ఏమని రాను?"

"మావిస్‌ని చూడాలని రండి."

మావాడి చేతిలోంచి తాపీ జారి కాలి మీద పడింది. అరవలేదు, వెర్రివాడిలా నవ్వాడు.

లోపల్నుంచి ముసలావిడ కేకేసింది. "మావిస్! ఆదివారం మాంసం కాలుస్తున్నా. ఆ అబ్బాయిని భోజనానికి రమ్మను. ఒక్కణ్ణే, ఆ సుత్తి మామ వద్దు!"