విండోస్ దాకా పోనివ్వొద్దు

"విండోస్ దాకా పోనివ్వకు. పోనిస్తే రవికిరణ్ పోయినట్టే."

సదాశివకు చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. మూడేళ్లుగా సరిహద్దు అవతల మారుపేరుతో బతుకుతున్న ఏజెంట్ రవికిరణ్. అతని ఫొటో నాంపల్లిలో ఓ ట్రావెల్స్ ఆఫీసులోని పాత కంప్యూటర్లోకి చేరింది. సాయంత్రం నాలుగింటికి ఓనర్ విశ్వనాథ్ దాన్ని ఆన్ చేస్తాడు. విండోస్ తెరుచుకోగానే ఫొటో దానంతటదే శత్రువులకు వెళ్తుంది. డిస్క్ మాయం చేస్తే విశ్వనాథ్ వెనకున్న గూఢచారుల రింగ్ మొత్తం జాగ్రత్తపడుతుంది. అందుకే బయటి డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, విండోస్‌ను నిద్రలోనే ఉంచి, ఆ ఫొటో స్థానంలో ఎప్పుడో చచ్చిపోయినవాడి ఫొటో పెట్టాలి.

మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం షాపులో అనూహ్య కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. రెండువైపులా జీతం తీసుకునే మనిషి.

"సీతాఫలం ఉన్నదా?" అడిగాడు సదాశివ.

"సీజన్ అయిపోయింది సార్." కోడ్ సరిపోయింది. లిప్‌స్టిక్ అంత డ్రైవ్‌ను ఆమె టేబుల్ మీద దొర్లించింది. "పాత మిషన్ కదా, పాత సిస్టమే ఎక్కించాను. దాని స్థానంలో పెట్టాల్సిన ఫొటో కూడా ఇందులోనే ఉంది. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి, లిస్టులో యూఎస్‌బీ ఎంచుకోండి."

ఆమెను చూస్తేనే సదాశివకు ఒళ్లు మండింది. ఫొటో అమ్ముకుంది ఈమేనని అతని నమ్మకం. రవికిరణ్‌కు పని నేర్పింది తను. వాడికేమైనా అయితే తట్టుకోలేడు.

నాలుగుకు పది నిమిషాలుండగా యూపీఎస్ మెకానిక్ వేషంలో ఆఫీసులో అడుగుపెట్టాడు. గుమాస్తా శేషారత్నం, రింగ్ సంగతేమీ ఎరగని పెద్దావిడ, లేచి కుర్చీ ఇచ్చింది. సదాశివ డ్రైవ్‌ను కంప్యూటర్ ముందువైపు పోర్టులో పెట్టి, ఆన్ చేసి ఎఫ్12 నొక్కాడు. లిస్టు వచ్చింది. అందులో యూఎస్‌బీ లేదు. కంగారులో ఎంటర్ తగిలింది. స్క్రీన్ మీద విండోస్ గుర్తు మెరిసింది. వెంటనే కరెంటు వైరు పీకేశాడు. అనూహ్య ముంచేసిందనుకున్నాడు.

"ముందువైపు పెట్టకండి బాబూ," అంది శేషారత్నం. "శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెడతానండి. ఆ కన్నాల నిండా పసుపే. మేం ఏది పెట్టాలన్నా వెనకే పెడతాం."

"గా ముచ్చట జర ముందుగాల చెప్పొద్దా అమ్మా?"

నాలుగుకు ఆరు నిమిషాలే ఉన్నాయి. ఈసారి వెనక పోర్టులో పెట్టాడు. యూఎస్‌బీ కనిపించింది. ముసలి మిషన్ మూలుగుతూ లేవడానికి ఐదు నిమిషాలు తినేసింది. మెట్ల మీద విశ్వనాథ్ బూట్ల చప్పుడు. సదాశివ ఫోల్డర్ తెరిచి, ఫొటో తెరిచాడు. చెయ్యి ఆగిపోయింది.

రవికిరణ్ కుల్ఫీ పట్టుకుని నవ్వుతున్నాడు. దేశం దాటే ముందురోజు తీసిన ఫొటో. తీసింది సదాశివే. తీయకూడదని తెలిసీ ముచ్చటపడి తీశాడు, ఫోన్లో దాచుకున్నాడు. పోయిన నెల ఆబిడ్స్‌లో ఆ ఫోన్‌ను స్క్రీన్ రిపేరుకిచ్చి, లాక్ నంబరు కూడా చెప్పి, చాయ్ తాగడానికి పోయాడు. ఫొటో జారింది అక్కడే. సిగ్గుతో అతని చెవులు కాలాయి.

ఫొటో మార్చి, పవర్ ఆపి, డ్రైవ్ పీకేసరికి తలుపు తెరుచుకుంది.

"ఏంది, గీడ ఏం చేస్తున్నవ్?" అన్నాడు విశ్వనాథ్.

"బ్యాటరీ చూసిన సేట్. మంచిగనే ఉన్నది."

విశ్వనాథ్ కంప్యూటర్ ఆన్ చేశాడు. విండోస్ తీరిగ్గా తెరుచుకుంది. చచ్చినవాడి ఫొటో సరిహద్దు దాటింది.

కింద ఆటోలో అనూహ్య ఉంది. "లీక్ చేసినవాడెవరో తెలిసిందా సార్?"

"ఔ."

"ఎవరు?"

సదాశివ ఆటోను ఆబిడ్స్ పోనిమ్మని చెప్పి, బయటికి చూస్తూ అన్నాడు.

"పొద్దుగాల నుంచి నీ మీద అనుమానపడ్డోడే."