మొత్తం విన్నావా?

"ఆ గులాబీరంగు కన్నంలో వైరు పెట్టావా? అయితే పాటలు రావు, పకోడీలు వేగినట్టు వొత్తాది."

గుమ్మంలో నిలబడి ఆ మాటన్నది జాయ్. కంప్యూటర్ వెనకాల దూరి, ఆ మాట వినగానే ఉలిక్కిపడి తల టేబుల్‌కి కొట్టుకున్నవాడు ఫిన్నీ.

ఫిన్నీది టెక్కలి. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో డీజే అంటే ఫిన్నీయే. రెండు సీడీ ప్లేయర్లు, వాటి మధ్య చిన్న మిక్సరు, మెడలో హెడ్‌ఫోను, ఇదీ అతని ఆస్తి. చర్చి పాటల కింద తప్పెటగుళ్ల దరువు కలిపితే సంఘ పెద్దలు కూడా చేతులు కట్టుకునే కాళ్లు కదిపేవారు. అన్నిటికన్నా అతనికి పేరు తెచ్చింది అతని 'ఖాళీ'. పాట మంచి ఊపు మీదుండగా చటుక్కున సౌండంతా ఆపేసేవాడు. జనం ఊపిరి బిగబట్టేవారు. అప్పుడు దరువు ఒక్కసారిగా విరుచుకుపడేది.

అంతటివాడికి ప్రాణస్నేహితుడి పెళ్లే చిక్కు తెచ్చిపెట్టింది. పలాసలో ఉండే రూబెన్, "తోడు పెళ్లికొడుకువి నువ్వే, కాదన్నావంటే పెళ్లి మానేత్తాను" అని పట్టుబట్టాడు. కోటు వేసుకుని స్టేజీ మీద నిలబడేవాడు మిక్సరు దగ్గరెలా ఉంటాడు? అందుకని మిక్సంతా ముందే రికార్డు చేసి సీడీ చేసుకుందామని రూబెన్ వాళ్లింటికి వచ్చాడు. వాళ్లింట్లో కంప్యూటర్ ఉంది. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంటుంది. దాని జోలికి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి, పైగా రూబెన్ చెల్లెలు జాయ్ ఒప్పుకోవాలి. ఆ రెండో సంగతి ఫిన్నీకి ఎవరూ చెప్పలేదు.

"గులాబీరంగుది మైకుకి డీజే గారూ. నీ మిక్సరుకి నీలంరంగుది. లైన్-ఇన్ అంతారు" అంది జాయ్. విశాఖలో ఎమ్సీఏ చదివొచ్చిన పిల్ల. కాశీబుగ్గలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఇంట్లో కూడా అదే గొంతు.

"రంగు సూసి పెట్టాల్నేటి? నేను సైజు సూసి పెట్టాను."

"పెళ్లిలో కూడా సైజు సూసే కోటు తొడుక్కుంటావా, ఎవరిదైనా?"

ఫిన్నీ మళ్లీ కంప్యూటర్ వెనక్కి దూరి వైరు మార్చాడు.

పాఠాలు అలా మొదలయ్యాయి. తెర మీద రికార్డింగు కిటికీ తెరిచి, లైన్-ఇన్ దగ్గర టిక్ పెట్టాలి, మైకు దగ్గర తీసెయ్యాలి. లేకపోతే మానిటర్ మీద కూర్చున్న చిన్న మైకు గదిలో దగ్గులూ తుమ్ములూ అన్నీ పాటలో కలిపేస్తుంది. స్పీకర్లు కట్టెయ్యాలి. ఆకుపచ్చ గీత ఎగరాలి కానీ ఎర్రగీత దాటకూడదు. చివరి పాఠం అన్నిటికన్నా పెద్దది: రికార్డు చేశాక మొదట్నుంచి చివరిదాకా వినాలి.

"నేను కలిపినదాన్ని నేనే వినాలా? నా సెయ్యి మీద నాకు నమ్మకం ఉంది" అన్నాడు ఫిన్నీ.

"సెయ్యికి సెవులుండవు" అంది జాయ్.

రూబెన్ తండ్రి జెకర్యా గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన షరతులు ఆయనకున్నాయి. సినిమా పాట ఒక్కటి ఉండకూడదు. రికార్డింగ్ మొదలెట్టే ముందు ప్రార్థన చెయ్యాలి. "ఏ పనికైనా ముందు దేవుడికో మాట సెప్పాల" అనేవారు. ఫిన్నీ కళ్లు మూసుకునేవాడు గానీ, ఒక కన్ను సగమే మూతపడేది. ఆ సగం కన్నుకి జాయ్ కనపడేది.

ఒక సాయంత్రం మిక్సు సగానికి వచ్చేసరికి వాన పట్టుకుంది. టప్పున కరెంటు పోయింది. సేవ్ చెయ్యని పాటలన్నీ గాలిలో కలిసిపోయాయి. ఫిన్నీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. జాయ్ మాత్రం కిటికీ తెరిచి చెయ్యి చాచింది. వాన చినుకులు అరచేతిలో పట్టి అతని ముఖాన జల్లింది.

"పోతే పోనాది. మళ్లీ రికార్డు సేద్దాం. రేపు కూడా రావచ్చు కదేటి?"

ఆ మాటకి ఫిన్నీకి పోయిన పాటల బెంగంతా తీరిపోయింది. ఇంకో వారం కరెంటు ఇలాగే పోతే బావుణ్ణనిపించింది. తాను ఆ పిల్లని ప్రేమిస్తున్నాడని అతనికి తెలిసింది కూడా అప్పుడే.

కానీ మర్నాడు కాఫీ ఇస్తూ రూబెన్ తల్లి మేరీ ఇంకో కబురు చెప్పింది. "పెళ్లికి బరంపురంవోళ్లు వొత్తన్నారు బాబూ, మా జాయ్‌ని సూడ్డానికి. కుర్రోడు బ్యాంకులో ఉన్నాడు. నచ్చితే ఆ ఆదివారమే మాటిచ్చేత్తామంతన్నారు మీ మావయ్య."

కాఫీ ఒక్కసారిగా చేదైపోయింది. బ్యాంకులో ఉద్యోగం ఎక్కడ, సీడీ ప్లేయర్లు మోసుకుంటూ పెళ్లిళ్ల వెంట తిరిగే తానెక్కడ? అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీతోపాటు మింగేశాడు.

ఆ రోజే మిక్సు పూర్తయింది. అతను హెడ్‌ఫోన్ రెండు చెవులకీ బిగించి మిక్సరు మీద వంగాడు. జాయ్ వెనకాల మౌస్ పట్టుకుని తెర చూస్తోంది. స్పీకర్లు కట్టేసి ఉన్నాయి కాబట్టి గదిలో చప్పుడు లేదు. పాటలన్నీ అతని చెవుల్లోనే మోగుతున్నాయి. ఖాళీ వచ్చింది. సౌండు ఆపేసి, తర్వాతి దరువుని హెడ్‌ఫోన్‌లో సరిచూసుకుంటూ కళ్లు మూసుకున్నాడు. దరువు వదిలి తల తిప్పేసరికి జాయ్ ముఖం ఎర్రగా ఉంది.

హెడ్‌ఫోన్ లాగి, "ఏటన్నావు?" అన్నాడు.

"ఏటీ నేదు. ఎర్రగీత దాటతంది, తగ్గించు."

గీత ఎక్కడా దాటలేదు. అయినా తగ్గించాడు.

మిక్సు సీడీలోకి ఎక్కించి చేతిలో పెడుతూ జాయ్ అంది, "ఇంటికెళ్లి మొత్తం విను. విన్నాక ఏటి సెయ్యాలనిపిత్తే అది సెయ్యి. పెళ్లి లోపలే."

మొత్తం వింటానని ఫిన్నీ మాటిచ్చాడు. టెక్కలిలో ఇంటికి చేరాక మొదటి పాట విన్నాడు. భేషుగ్గా ఉంది. చివరి పాట విన్నాడు. అదీ భేషుగ్గా ఉంది. ఇక విని ఏం లాభం, ఆ గది గుర్తొచ్చి గుండె బరువెక్కడం తప్ప అనుకుని డబ్బాలో పెట్టేశాడు.

రెండు రోజులకి జాయ్ ఫోన్ చేసింది. "మొత్తం విన్నావా?"

"విన్నాను."

"మొత్తం?"

"మొత్తం. బ్రహ్మాండంగా ఉంది. ఏటీ సెయ్యక్కర్లేదు."

"అలాగా. సరే అయితే" అని ఫోన్ పెట్టేసింది.

పెళ్లిరోజు కోటుకి గులాబీ గుచ్చడానికి వచ్చిన జాయ్ గులాబీతోపాటు సూదిని అతని ఛాతీలో కూడా దించింది. "అబ్బా!" అన్నాడు ఫిన్నీ. "నీకు నొప్పి కూడా తెలుత్తాదా?" అని వెళ్లిపోయింది. ఏ పాపం చేశాడో పాపం అతనికి అర్థం కాలేదు.

విందు ఉద్దానం ప్రాంతంలోని పెళ్లికూతురి ఊళ్లో, కొబ్బరితోటలో. బరంపురంవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. జెకర్యా గారు వాళ్లకి మర్యాదలు చేస్తున్నారు. సీడీ పెట్టారు. తప్పెటగుళ్ల దరువుకి తోటంతా ఊగిపోయింది. పిల్లలు గెంతారు. అందరూ పెద్దతల్లి అని పిలిచే రూబెన్ మేనత్త చీర కుచ్చిళ్లు దోపుకుని మరీ దిగింది. పాట మంచి ఊపు మీదుండగా ఖాళీ వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

ఆ నిశ్శబ్దంలో, కొబ్బరిచెట్లకి కట్టిన స్పీకర్లన్నిట్లోంచీ జాయ్ గొంతు వినపడింది.

"బావా! బరంపురం సంబంధం నాకొద్దు. నువ్వు మా నాన్నని అడుగు."

దరువు విరుచుకుపడింది. ఎవరూ కదల్లేదు. జాయ్ చేతిలో స్వీట్ల పళ్లెం జారిపోయింది. రెండు చేతుల్తో ముఖం కప్పుకుని వంటల షెడ్డు వెనక్కి పరిగెత్తింది. డీజే గారే తప్ప ఇంకో పిలుపెరగని ఫిన్నీ, ఆ 'బావా' దగ్గరే ఆగిపోయి స్టేజీ మీద కొయ్యబారిపోయాడు.

"ఓలమ్మో, పిల్ల సెప్పేసిందర్రా!" అని పెద్దతల్లి మళ్లీ చిందెయ్యడం మొదలెట్టింది.

జెకర్యా గారు స్టేజీ దగ్గరికి వచ్చారు. "ఓరి గుంటడా, నిజం సెప్పు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకమా ఇది?"

"కాదు మావయ్యా. నాకూ ఇప్పుడే తెలిసింది."

"నువ్వు సేసిన సీడీ నువ్వు వినలేదా?"

"మొదటి పాటా, చివరి పాటా విన్నాను." ఫిన్నీ ఈసారి మాట మింగెయ్యలేదు. "మావయ్యా, నాకు జాయ్ అంటే ప్రాణం. అడగడానికి భయపడ్డాను. ఇప్పుడడుగుతున్నాను."

ముందు వరసలో బరంపురం కుర్రాడు లేచాడు. అందరూ అటు చూశారు. అతను నవ్వేశాడు. "అంకుల్, మావాళ్లకి నేను చెప్పుకుంటాను. నన్ను బిర్యానీ మాత్రం తిననివ్వండి."

తోటంతా గొల్లున నవ్వింది. జెకర్యా గారు మాత్రం నవ్వలేదు. "గార్డుగా ఉన్నన్నాళ్లూ బండిని ఈ కొస నుంచి ఆ కొసదాకా సూడకుండా నాను పచ్చజెండా ఊపలేదు. నువ్వు మధ్య పెట్టెలొదిలేసి నా కూతుర్ని ఏడిపించావు. ఎల్లు, ముందు మొత్తం విను. అప్పుడొచ్చి అడుగు."

ఫిన్నీ ఆ సీడీ, హెడ్‌ఫోను, బ్యాటరీతో నడిచే సీడీ ప్లేయరొకటి పట్టుకుని వంటల షెడ్డు వెనక్కి వెళ్లాడు. జాయ్ కొబ్బరిమట్టల మీద కూర్చుని ఉంది.

"మైకు దగ్గర టిక్ నువ్వే పెట్టావా?"

"నేనే. తెర మీద గీత పడుకున్నప్పుడు పెట్టాను, లేవగానే తీసేశాను. నువ్వొక్కడివే వింతావనుకున్నాను. ఊరంతటికీ వినిపిత్తావనుకున్నానేటి?" కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. "మొదటిదీ చివరిదీ విన్నావు. మధ్యలో నేనున్నాను."

ఫిన్నీ ఆమె పక్కన కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటి పాట నుంచి మొదలెట్టాడు. ఖాళీ దగ్గర ఆ గొంతు మళ్లీ విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆపకుండా చివరిదాకా విన్నాడు.

మధ్యలో ఒకసారి, తన మాట వినపడుతుందో లేదో చూద్దామని జాయ్ లేచి అతని వెనకనుంచి చాలా మెల్లిగా, "బావా" అంది.

"ఊఁ" అన్నాడు ఫిన్నీ వెంటనే. ఈసారి అతను హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకున్నాడు.

ఇద్దరూ షామియానాలోకి వచ్చేసరికి జెకర్యా గారు అక్కడే నిలబడి ఉన్నారు.

"మొత్తం విన్నావా?"

"విన్నాను మావయ్యా."

"మధ్యలో ఏటుంది?"

"జాయ్ ఉంది మావయ్యా."

జెకర్యా గారు కూతురి వైపు చూశారు, ఫిన్నీ వైపు చూశారు. పందిరి గుంజకి కట్టిన లేత కొబ్బరాకు ఒకటి లాగి, బండి కదలొచ్చని చెప్పే గార్డులా తల మీదికెత్తి ఊపారు.