బోర్లించిన ఆయిల్ డబ్బా

వికారాబాద్ గుట్ట మీద ఒక ఏటీవీ సగం ఎత్తుకు ఎక్కి ఆగింది. బురదా రాళ్ళూ తొక్కే నాలుగు లావు చక్రాల సరదా బండి అది. ఇంజిన్ అరుస్తోంది. చక్రాలు తిరగడం లేదు. బండి వెనక్కి పల్టీ కొట్టింది. క్షిపణుల ఇంజినీరు శశికిరణ్ దాని కిందే చనిపోయాడు.

పేపర్లు ప్రమాదమని రాశాయి. గూఢచారి శాఖ ఏజెంట్ రాజనర్సుకు మాత్రం ఆబిడ్స్‌లోని ఒక ఇరానీ హోటల్ నుంచి పిలుపు వచ్చింది.

"చాయ్‌ల మలాయి వెయ్యాల్నా?" మూల బల్ల దగ్గరి పెద్దమనిషి అడిగాడు.

"మలాయి గౌలిగూడలనే తినొచ్చిన."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి చీఫ్ వామన్‌రావు.

"హత్యనే," అన్నాడు చీఫ్. "ఆయిల్‌తోని చంపిన్రు. విదేశీ ముఠా. బండిల కారు ఆయిల్ పోసి, అండ్ల ఏదో జారుడు మందు కలిపిన్రు."

రాజనర్సుకు అంతకన్నా చెప్పక్కర్లేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర అతని కవర్, అంటే లోకానికి చూపే వృత్తి, ఆ బండ్ల రిపేరు షాపే. కారులో క్లచ్ పొడిగా ఉంటుంది. ఈ బండ్లలో చాలావాటికి ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, వెట్ క్లచ్ అంటారు. కారు ఆయిల్‌కు నునుపెక్కువ. అది పోస్తే క్లచ్ పట్టు తప్పుతుంది. చదును నేల మీద తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుంది.

"నెక్స్ట్ టార్గెట్?"

"డాక్టర్ ప్రణవి. రాడార్ సైంటిస్టు. ఇయాల నాంపల్లి మైదానంల షో ఉన్నది. మట్టిగుట్ట ఎక్కుతది. బండి మీ షాపులనే ఉన్నది గద." చీఫ్ గొంతు తగ్గించాడు. "మనోళ్ళల్ల ఒకరు అమ్ముడువోయిన్రు, నర్సూ. ఎవరో తెల్వదు. శశికిరణ్ బండి సర్వీస్ చేసిన షెడ్డు ఫొటో గిది. చూడు."

ఫొటోలో ఒక గరాటు. గరాటులో బోర్లించిన ఖాళీ ఆయిల్ డబ్బా. కింద స్టీలు గ్లాసు. చివరి చుక్క దాకా దిగాలని పెట్టినట్టు ఉంది.

రాజనర్సు చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఏమన్న గుర్తువట్టినవా?"

"లేదు సార్."

చీఫ్‌కు అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "ఆయిల్‌ల ముంచు. ఆ మందుంటే మూత ఎర్రగైతది."

షాపులో సునంద ఉంది. ఆమె కూడా ఏజెంటే. కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్ళ పిల్ల. విదేశీ విందుల్లో నల్ల కళ్ళద్దాలు తీసిందంటే దౌత్యవేత్తలు మాట మరిచిపోయేవారు. డిపార్ట్‌మెంట్ ఆమెను రాజనర్సుకు కవర్ భార్యగా పంపింది. పెళ్ళి సర్టిఫికెట్ దొంగది. ఆమె పెట్టిన పప్పన్నం నిజం. "ఏమండీ" అని పిలిచేది. అది డ్యూటీ అని మొదట్లో అతనికి గుర్తుండేది. తర్వాత మరిచిపోయాడు.

ఇంట్లో నూనె సీసా అయిపోతే ఆమె గిన్నెలో బోర్లించేది. షాంపూ సీసా, తేనె సీసా, షాపులో ఆయిల్ డబ్బా, ఏదైనా అంతే. చూసి అతను నవ్వేవాడు.

ఇప్పుడు షాపులో డాక్టర్ ప్రణవి తన బండి పక్కనే నిలబడి ఉంది.

"అన్నా, మా కారుకు పోసే ఖరీదైన ఆయిల్ సగం డబ్బా మిగిలింది. దీన్లో కలిపేస్తే పోలా?"

"వద్దమ్మా. క్లచ్ జారుతది. డబ్బా మీద వెట్ క్లచ్ గుర్తు ఉన్నదే పొయ్యాలె. అదీ ఇదీ కలపొద్దు."

"ఇంట్లో పప్పులో పులుసు కలపనివ్వరు, ఇక్కడ ఆయిలూ కలపనివ్వరు," సునంద నవ్వింది. "ఏమండీ, స్పార్క్ ప్లగ్గులు అయిపోయాయి. గౌలిగూడ వెళ్ళి తెండి. ఆయిల్ నేను పోస్తాలెండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వే పోస్తవా?"

"ఎప్పుడూ నేనేగా పోసేది."

"ఔ," అని బయటికి నడిచాడు.

గౌలిగూడ దాకా వెళ్ళలేదు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు ఆగిపోయాడు. ఎదుట నిలబడి ఆమె చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. కానీ ఆమె తనంతట తనే ఆగిపోతే? ఆ ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాడు. ఏజెంట్ చెయ్యకూడని పని. మొగుడు చేసే పని.

తిరిగి వచ్చేసరికి బండి మైదానానికి వెళ్ళిపోయింది. షాపు వెనక గరాటు. గరాటులో బోర్లించిన డబ్బా. దాని మీద వెట్ క్లచ్ గుర్తు కూడా ఉంది. డబ్బా సరైనదే. కింద గ్లాసులో కాస్త ఆయిల్ దిగింది. పెన్ను ముంచాడు. కాసేపు మూత వంక చూడలేకపోయాడు.

చూశాడు. ఎర్రగా ఉంది.

చీఫ్‌కు ఫోన్ చేసి సునంద పేరు చెబుతూనే పరుగెత్తాడు. ఆటోలవాళ్ళు తిట్టారు. మైదానంలో మైకు ప్రణవి పేరు చెబుతోంది. బండి మట్టిగుట్ట మీదికి దూసుకొస్తోంది. రాజనర్సు బారికేడ్ దూకాడు. ప్రణవి మణికట్టుకు కట్టిన, ఇంజిన్ ఆపే తాడు అందుకుని ఒక్క లాగు లాగాడు. ముందు చక్రాలు గుట్టను తాకి ఆగాయి. ఇద్దరూ బురదలో పడ్డారు.

"పిచ్చా అన్నా నీకు?"

"జర ఆగమ్మా. తర్వాత తిట్టు."

గేటు దగ్గర చీఫ్ మనుషులు సునందను చుట్టుముట్టారు. రాజనర్సు బురద కాళ్ళతోనే ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఏంది సునందా గిది?"

"ఎలా తెలిసింది?"

"డబ్బా బోర్లిచ్చినవ్."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "చేతి అలవాటండీ. మా అమ్మ నుంచి వచ్చింది. చుక్క కూడా పారెయ్యబుద్ధి కాదు."

"ఎందుకు చేసినవ్?"

"మీరు పరిచయం కాకముందు నుంచే నేను ఆ ముఠా మనిషిని."

"నన్నెందుకు గౌలిగూడకు పంపినవ్?"

"మీరు చూస్తుంటే చెయ్యలేనని." కాస్త ఆగింది. "ఏమండీ..."

"గట్లా పిలవకు. డ్యూటీ అయిపోయింది."

ఆమె చేతులు చాచింది. వేళ్ళకు ఆయిల్ ఉంది. అతను జేబులోని గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడిచాడు. తర్వాత పక్కకు జరిగాడు. బేడీలు పడ్డాయి.

"ఫొటో చూసినప్పుడే తెల్సిందా?" చీఫ్ అడిగాడు.

"తెల్సింది సార్."

"మరి అప్పుడే చెప్పలేదేంది?"

రాజనర్సు ఆయిలంటిన గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీఫ్ మళ్ళీ అడగలేదు.

సాయంత్రం ఆబిడ్స్‌లోని కిరాయి ఇంటి తాళం తీశాడు. వంటింట్లో నూనె సీసా గిన్నెలో బోర్లించి ఉంది. పొద్దున ఆమె పెట్టిందే. ఆఖరి చుక్క ఇంకా సీసా మూతి దగ్గరే వేలాడుతోంది. రాజనర్సు స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

దేశాన్ని కాపాడిన ఏజెంటుకు ఆ పూట వేరే డ్యూటీ ఏదీ లేదు. చుక్క పడేదాకా చూడొచ్చు.